హాండికాప్: ఆటగాని చిట్టా

2023 అక్టోబరులో అమలాపురమునకు చెందిన సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి, ముంబయికి చెందిన చిరాగ్ శెట్టితో కూడి, బాడ్మింటన్ పురుషుల జంటలలో ప్రపంచ ప్రథమస్థానము నందుకొనెను. కోనసీమ యంతయు సంతసించినది. ఆ స్థానమును నిర్ణయించినది ఒక చిట్టా: గడచిన 52 వారముల పోటీలలో మేలైన 10 ఫలితములు. అంపైరు అంకెలు పలుకును, సభ యంతయు వినును. బాగుగా ఆడినవానికే లాభము.

ఇట్టి చిట్టాయే గోల్ఫులోను కలదు. దానినుండి పుట్టు అంకెకు హాండికాప్ అని పేరు. కాని అచట హీనముగా కనిపించినవానికే లాభము. ఆ చిత్రమును నేడు ముచ్చటింతము.

17వ శతాబ్దమున ఇంగ్లండులో ఒక వినోద ముండెను. ఇరువురు వస్తువులు మార్చుకొన నెంచినపుడు, తక్కువ వెలగలది ఇచ్చువాడు పైన నెంత సొమ్ము చేర్చవలెనో మధ్యవర్తి చెప్పును. వారు టోపీలో చేతు లుంచి తీసి తమ సమ్మతిని తెలుపుదురు. ‘టోపీలో చేయి’ అను మాటయే హాండికాప్ అయినది. శామ్యూల్ పీప్స్ 1660లో తన దినచర్యలో దీనిని పేర్కొనెను. 18వ శతాబ్దమున ఇది గుఱ్ఱపుపందెములకు ప్రాకి, మేలైన గుఱ్ఱముపై అధిక భారము మోపు పద్ధతి యయ్యెను. 19వ శతాబ్దపు చివరి భాగమున గోల్ఫులో స్థిరపడెను.

గోల్ఫులో తక్కువ దెబ్బలతో ఆట ముగించినవానిదే గెలుపు. ఒకనికి 78, మఱియొకనికి 90 దెబ్బలు పట్టినవనుకొందము. వారి హాండికాప్‌లు 5, 18 అయినచో, తీసివేయగా 73, 72 మిగులును. నేర్పు తక్కువవాడే గెలిచినాడు. ఆ 18 సత్యమైనంత వఱకు ఇందు అన్యాయము లేదు.

అయితే విశాలమైన మైదానమున ప్రతివాని వెంట న్యాయనిర్ణేత నడువడు. ఆటగాని మాట, తోడివాని సాక్ష్యము, ఇవియే ఆధారము. మంచి ఆటలను చిట్టాకెక్కింపనివాడు హాండికాప్‌ను పెంచుకొని ఇతరుల బహుమానములను అపహరించును. చెడ్డ ఆటలను దాచువాడు గొప్పకు పోయి తానే నష్టపడును. మొదటిది మోసము, రెండవది డంబము. రెంటివలనను చిట్టా చెడును.

2020లో, అంతకు ముందున్న ఆరు పద్ధతుల స్థానమున, ప్రపంచ మంతటికి ఒకే విధానము వచ్చెను. కడపటి 20 ఆటలలో మేలైన 8 ఆటల సగటే దీనికి మూలము. అనగా ఇది ఆటగాని సామాన్యస్థితిని గాక సామర్థ్యమును కొలుచును. మైదానపు కాఠిన్యమును గూడ లెక్కింతురు. ఏ గుంటవద్దనైనను పరిమితికి మించిన దెబ్బలు హాండికాప్ లెక్కలోనికి రావు. కావున ఒకచోట కావలెనని ఆటను పాడుచేసికొన్నను ఫలము స్వల్పము.

కోనసీమకు గోల్ఫు దూరపుటాటయే. అయినను రాజోలులో గాని కొత్తపేటలో గాని యువకులు తారతమ్యము లెంచి ఏ పోటీ పెట్టినను ఈ నియమము పనికివచ్చును: గెలుపోటములు రెండును ఆనాడే వ్రాయవలెను; వ్రాసినదానిని తోడివానికి చూపవలెను.