నడుము నొప్పి: చికిత్స చరిత్ర, వైద్యంలో జాప్యం

పక్కటెముకల కింది అంచు నుంచి పిరుదుల మడత వరకు వీపు కింది భాగంలో పుట్టే నొప్పిని నడుము నొప్పి అంటారు. అది తొడ మీదుగా పిక్కలోకి, పాదంలోకి దిగితే సయాటికా. 2020లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 61.9 కోట్ల మంది నడుము నొప్పితో ఉన్నారని అంచనా. మనిషిని వైకల్యంతో బతికేలా చేసే కారణాల్లో దీనిదే మొదటి స్థానం. పదిమంది రోగుల్లో తొమ్మిదిమందికి ఫలానా ఎముకో నరమో కారణమని తేల్చి చెప్పడం కుదరదు. కొత్తగా వచ్చిన నొప్పి చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుముఖం పడుతుంది. అందుకే ఈ జబ్బుకు చేసిన ప్రతి వైద్యమూ ఎంతో కొంత పనిచేసినట్టే కనిపించింది. రోగులు వైద్యానికి ఆలస్యంగా రావడానికి మూలం కూడా ఇక్కడే ఉంది.

దీని ప్రస్తావన ఉన్న అతి పాత వైద్యగ్రంథాల్లో ఒకటి ఈజిప్టులో దొరికిన ఎడ్విన్ స్మిత్ పపైరస్. సుమారు 3,600 ఏళ్ల నాటి ఈ ప్రతిలో 48 కేసులున్నాయి. చివరిది వెన్ను బెణుకు. రోగిని కాళ్లు చాపమని, ముడవమని చెప్పి నొప్పి ఎక్కడ పుడుతుందో గమనించాలని అందులో ఉంది. చికిత్స చెప్పడం మొదలుపెట్టగానే రాత ఆగిపోయింది. గ్రీసులో హిపోక్రటీస్ సంప్రదాయ వైద్యులు వంగిన వెన్నును బల్ల మీద కట్టి లాగేవారు. చరక సంహిత సయాటికాను పోలిన గృధ్రసిని వాత వ్యాధుల్లో చేర్చింది. నొప్పి పిరుదు దగ్గర మొదలై నడుము, తొడ, మోకాలు, పిక్క, పాదం వరకు వరుసగా దిగుతుందని అందులోని వర్ణన. గృధ్రం అంటే గద్ద. రోగి నడక గద్ద నడకలా ఉంటుందని ఆ పేరు వచ్చిందంటారు. నడుము మీద పిండితో గట్టు కట్టి గోరువెచ్చని తైలం నిలిపే కటివస్తి ఆయుర్వేద వైద్యశాలల్లో నేటికీ సాగుతోంది.

1764లో నేపుల్స్ వైద్యుడు దొమెనికో కొతూన్యో ఈ నొప్పి తుంటి కీలుది కాదని, నరానిదని వేరు చేసి చూపాడు. 19వ శతాబ్దంలో ఆలోచన మరో దారి పట్టింది. రైలు ప్రమాదాల్లో పైకి గాయం లేకున్నా వెన్ను నొప్పితో బాధపడేవారి గురించి లండన్ సర్జన్ జాన్ ఎరిక్ ఎరిక్సన్ 1866లో పుస్తకం రాశాడు. నష్టపరిహారం కేసులు పెరిగాయి. నడుము నొప్పి అంటే వెన్నుకు తగిలిన దెబ్బ అన్న భావన అప్పుడే బలపడింది. దెబ్బకు విశ్రాంతి కావాలి కదా. లివర్‌పూల్ ఎముకల వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ ఎడతెగని, దీర్ఘమైన విశ్రాంతిని సిద్ధాంతంగా నిలబెట్టాడు. ఆ తర్వాత వందేళ్ల పాటు, రోగిని వారాల తరబడి మంచం దిగనివ్వకపోవడమే మంచి వైద్యమనిపించుకుంది.

1934లో అమెరికాలోని బోస్టన్‌కు చెందిన విలియం మిక్స్‌టర్, జోసెఫ్ బార్ వెన్నుపూసల మధ్య డిస్కు చిట్లి నరాన్ని నొక్కడం వల్ల సయాటికా వస్తుందని, ఆ ముక్కను తీసేస్తే నొప్పి పోతుందని ప్రకటించారు. ఇది గొప్ప ముందడుగు. అయితే కాలిలోకి దిగే నొప్పికి వర్తించే ఈ విషయాన్ని మామూలు నడుము నొప్పికి కూడా అంటగట్టారు. ఆపరేషన్లు పెరిగాయి. ఫలించని ఆపరేషన్లూ పెరిగాయి. వెన్నుకు కత్తి పెడితే కాళ్లు పడిపోతాయన్న భయం జనంలో నాటుకుపోయింది. ఎమ్మారై వచ్చాక ఈ కథకు మరో కోణం తెలిసింది. ఏ నొప్పీ లేని 98 మందికి స్కాన్ తీస్తే సగానికి పైగా మందిలో కనీసం ఒక డిస్కైనా ఉబ్బి కనిపించిందని 1994లో ఒక అమెరికన్ అధ్యయనం వెల్లడించింది. అంటే రిపోర్టులో డిస్కు పేరు కనబడినంత మాత్రాన నొప్పికి అదే కారణమని చెప్పలేం.

మంచం వైద్యం కూడా అదే కాలంలో కూలింది. ఏడు రోజులు పడుకున్నవారి కంటే రెండు రోజులే పడుకున్నవారు 45 శాతం తక్కువ పనిదినాలు పోగొట్టుకున్నారని 1986లో అమెరికా వైద్యుడు రిచర్డ్ డేయో బృందం తేల్చింది. 1995లో హెల్సింకీ ఉద్యోగులపై జరిగిన అధ్యయనంలో పడుకున్నవారి కంటే, ప్రత్యేక వ్యాయామాలు చేసినవారి కంటే, ఓర్చుకోగలిగినంత మేరకు మామూలు పనులు చేసుకున్నవారే త్వరగా కోలుకున్నారు. స్కాట్లండ్ సర్జన్ గోర్డన్ వాడెల్ 1987లో మరో సంగతిని ముందుకు తెచ్చాడు. నొప్పితో పాటు, కదిలితే ఏమవుతుందోనన్న భయం కూడా మనిషిని మూలన పడేస్తుందని ఆయన వాదన. ఈ మాటను 1997 నుంచి ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం టీవీ ప్రకటనలతో ఇంటింటికీ చేర్చింది. ప్రజల నమ్మకాలే కాక వైద్యుల తీరు కూడా మారింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలిక నడుము నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామం, రోగికి విషయం వివరించడం ఉన్నాయి. నడుము బెల్టులను, వెన్నును లాగే ట్రాక్షన్‌ను మామూలుగా వాడవద్దని కూడా అందులో ఉంది.

తెలుగు పల్లెల్లో నాట్లు వేసే, కలుపు తీసే ఆడవాళ్లకు నడుము నొప్పి రోగం కింద లెక్కకే రాదు, అది పనిలో భాగం. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో గంటల తరబడి కూర్చుని బీడీలు చుట్టేవారిదీ అదే పరిస్థితి. ముందు ఉప్పు కాపడం, వావిలాకు నీళ్లు. ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత తొక్కించుకుంటే పోతుందని ఒక నమ్మకం. ఆ తర్వాత మెడికల్ షాపు మాత్ర, ఆర్‌ఎంపీ సూది. పిల్లల ఆపరేషన్ అయినప్పటి నుంచీ, లేదా కాన్పులో వెన్నుకు మత్తుసూది ఇచ్చినప్పటి నుంచీ ఉందనుకున్న నొప్పికి మందు లేదని చాలామంది స్త్రీలు సరిపెట్టుకుంటారు. కూలి పోతుందన్న దిగులు ఒకటి, స్కానుల ఖర్చు ఒకటి, పెద్దాసుపత్రికి వెళితే ఆపరేషన్ అంటారేమోనన్న భయం మరొకటి. ఎక్కువమంది విషయంలో ఈ ఆలస్యం వల్ల పెద్ద నష్టం జరగదు. నష్టం మిగిలిన కొద్దిమందికే, కానీ అది తీవ్రమైనది.

అలాంటి నష్టం చేసే జబ్బుల్లో మొదట చెప్పుకోవలసింది వెన్ను క్షయ. వెన్ను వంగి కాళ్లు చచ్చుబడే ఈ స్థితిని 1779లో లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ వర్ణించాడు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పెరిగే నొప్పి దాని గుర్తులు. త్వరగా పట్టుకుంటే ఎక్కువమందికి మందులతోనే నయమవుతుంది. ఫ్లోరైడ్ నీటితో వెన్ను బిగుసుకుపోవడం ఇంకొకటి. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో షార్ట్ అనే పరిశోధకుడి బృందం దీన్ని గుర్తించి నమోదు చేసింది. తర్వాత ప్రకాశం, నల్గొండ జిల్లాల పేర్లు దీనితో ముడిపడ్డాయి. మొదట్లో ఇది మామూలు నడుము నొప్పిలాగే ఉంటుంది, ఎముక గట్టిపడ్డాక వెనక్కి తెచ్చే మందు లేదు. ఇక యువకుల్లో తెల్లవారుజామున పట్టేసి, కదిలితే సడలే నొప్పి యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ కావచ్చు. దీన్ని గుర్తించడానికి సగటున కొన్నేళ్లు పడుతోంది. ఆ ఆలస్యంలో రోగి కంటే వైద్యుల వంతే ఎక్కువ.

అన్నిటికంటే తొందరపడవలసింది కాడా ఈక్వినా సిండ్రోమ్ విషయంలో. వెన్నుపాము చివర గుర్రపుతోకలా వేలాడే నరాలను పెద్ద డిస్కు ముక్క నొక్కేస్తే మూత్రం బిగుస్తుంది లేదా తెలియకుండా పోతుంది, రెండు తొడల మధ్య స్పర్శ పోతుంది. గంటల్లో ఆసుపత్రికి చేర్చి, ఒకటి రెండు రోజుల్లోపే ఆపరేషన్ చేయాలి. మూత్రం సంగతి, మర్మస్థానాల తిమ్మిరి సంగతి రోగులు సిగ్గుతో నోరు విప్పి చెప్పరు. అందుకే నడుము నొప్పితో వచ్చిన ప్రతివారినీ వైద్యుడే ఆ రెండు ప్రశ్నలూ అడగడం పరీక్షలో తప్పనిసరి భాగమైంది.