నంద్యాల సీమలో కరువులు, వలసలు

మెట్టసేద్యముపై ఆధారపడిన సీమలలో వానలు తప్పినచో జనులు వలసపోవుదురని చెప్పుట పరిపాటి. నంద్యాల ప్రాంతచరిత్రను పరిశీలించినచో ఈ మాట సగమే సత్యమని తోచును.

నల్లమల, ఎఱ్ఱమలల నడుమ కుందూనది పారు ఈ లోయలో నల్లరేగడి విస్తారము. తేమను చాలకాలము నిలుపుకొను ఆ నేలలో జొన్న, ప్రత్తి వానలమీదనే పండెడివి. 1860 దశకమున మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్రపై సుంకేసులయొద్దనుండి కర్నూలు-కడప కాలువను త్రవ్వించెను. రైతులు ఆ నీటిని వెంటనే స్వీకరింపలేదు. రేగడిని మాగాణి చేయుటకు పెట్టుబడి, ఎరువు, పశువులు కావలెను. పైగా నీటితీరువ చెల్లింపవలెను. కంపెనీ నష్టపడగా 1882లో ప్రభుత్వమే కాలువను కొనెను.

ఈ నడుమనే 1876-78 నాటి మహాక్షామము, జనులు 'ధాత కరువు' అన్నది, సంభవించెను. 1871, 1881 జనాభా లెక్కల నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య నాలుగవ వంతునకు పైగా తగ్గెను. ఈ తగ్గుదలయందు మరణములు, జననముల క్షీణత, వలస మూడును కలిసియున్నవి. కావున ఆ అంకెను వలసకే ప్రమాణముగా గ్రహించుట తగదు. పంట పోయినచో కూలియు పోవును. గాదెలో గింజలున్న రైతు కొంతకాలము నిలువగలడు. కూలివానికి ఆ అవకాశము లేదు. ఒకే కరువు అందఱను ఒకే తీరున కదలింపదు.

తరువాతి చరిత్రయు ఇట్టిదే. 2022లో నంద్యాల జిల్లా కర్నూలునుండి వేఱుపడెను. కాలువ పారు నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో నాట్లు, కోతలు కూలీలకు పని కల్పించుచున్నవి. పశ్చిమమున ఆదోని, కోసిగి ప్రాంతములనుండి మాత్రము కుటుంబములు గుంటూరు సీమ మిరప, ప్రత్తి పొలములకు పోవుచున్నవి. దీనిని అచట 'సుగ్గి'కి పోవుట యందురు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిదప గుంటూరు సీమలో కూలీల అవసరము పెరిగెను. ఇచట ఖరీఫు ముగిసిన వెనుక పనియుండదు. అప్పు మాత్రము మిగులును. అందుచే వాన కురిసిన యేడును వలస ఆగదు. తలిదండ్రులతో పోయిన బిడ్డల చదువు నడుమ నిలిచిపోవును.

అనావృష్టి వలసకు నిమిత్తము. నీరు, భూమి, అప్పు, కూలి దానికి కారణములు. వలసపోయినవారిని మాత్రమే లెక్కించిన పరిశోధన అసంపూర్ణము. అదే యూరిలో నిలిచినవారు ఏ బలముచే నిలిచిరో విచారించినపుడే వలసయొక్క హేతువు తేటపడును.