తిరుపతి విజ్ఞాన విద్యాసంస్థలు: దళిత, ఆదివాసీ చరిత్రకు చోటు

అమెరికాలో చరిత్రకారుడు కార్టర్ జి. వుడ్సన్ 1926 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన నల్లజాతి చరిత్ర వారోత్సవం 1976 నాటికి నెల రోజుల ఉత్సవమైంది. మన విశ్వవిద్యాలయాల్లో దానికి దగ్గరగా కనిపించేది ఏప్రిల్ 14న జరిపే అంబేడ్కర్ జయంతి. దళిత మహిళల చొరవతో ఇప్పుడు ఆ నెలంతా దళిత చరిత్ర మాసంగా కూడా సాగుతోంది. శాస్త్ర సాంకేతిక సంస్థల్లో ఇలాంటివి ఎందుకన్న ప్రశ్నకు తిరుపతిలో జవాబు దూరాన లేదు. ఇక్కడి సంస్థలన్నీ ఎవరో ఒకరికి అందని చదువును అందించడానికి, చాలావరకు వాటా అడిగి తెచ్చుకున్నవే.

1937 నవంబరు 16న కోస్తా నాయకులతో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో రాయలసీమ నాయకులు కోరినవాటిలో అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం ఒకటి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది, 1954లో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది. అయితే అనంతపురంలో కాదు, తిరుపతిలో. రాజ్యాంగం 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు సీమ నాలుగు జిల్లాలనూ నెల్లూరునూ ఒక స్థానిక ప్రాంతంగా గుర్తించి, 85 శాతం సీట్లు అక్కడివారికి కేటాయించింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆడపిల్లల కోసం శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాన్ని స్థాపించింది. రాష్ట్ర విభజన చట్టం హామీల మేరకు 2015లో ఐఐటీ, ఐసర్ వచ్చాయి. సీమ ముందుగా తన ప్రతిభను రుజువు చేసుకోవాలని ఈ వరుసలో ఎక్కడా ఎవరూ షరతు పెట్టలేదు. ప్రాంతం విషయంలో న్యాయమనిపించిన వాదన కులం దగ్గరికి వచ్చేసరికి ప్రతిభకు గొడ్డలిపెట్టు ఎలా అవుతుందో ఆక్షేపించేవారే చెప్పాలి.

నిజానికి కులాలవారీ వాటా అంతకన్నా పాతది. చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో వైద్య, ఇంజనీరింగు సీట్లను కమ్యూనల్ జీవో ప్రకారం పంచేవారు: ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ముస్లింలకు 1, ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ కలిపి 1. చంపకం దొరైరాజన్ కేసులో 1951 ఏప్రిల్లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ఏడాదే మొదటి సవరణ, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లను అనుమతించే 15(4)ను రాజ్యాంగంలో చేర్చింది. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు 1973లో, ఓబీసీ రిజర్వేషన్లు 2008లో, అమ్మాయిలకు అదనపు సీట్లు 2018లో మొదలయ్యాయి.

సైన్సుకు కులం లేదంటారు. సూత్రాలకు లేని మాట నిజమే, హాస్టలు పంక్తికి మాత్రం ఉండేది. నక్షత్రాల వర్ణపటాలను చదవడానికి 1920లో దారి చూపిన మేఘనాద్ సాహా, విద్యార్థిగా కలకత్తా ఈడెన్ హిందూ హాస్టల్లో తక్కువ కులంవాడన్న కారణంగా సహపంక్తికి దూరమయ్యాడు. ఇంతకన్నా బరువైన ఆక్షేపణ ఇంకొకటుంది: జయంతి అంటే దండ, ఉపన్యాసం, ఫొటోతో ముగిసే తంతు, పైగా రిజర్వేషన్ పిల్లల మీద మరో ముద్ర. ఇందులో సగం నిజముంది. అయితే తంతుగా మారేది విగ్రహం దగ్గర ఆగిపోయే జయంతే. ఈ నేల మీది సైన్సు చరిత్రను తవ్వితే వినేవాళ్ళంతా అందులో భాగస్తులవుతారు.

తవ్వడానికి ఇక్కడ కావలసినంత ఉంది. 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోటనే తీసుకోండి. 1971 అక్టోబరులో తొలి రాకెట్ ఎగరకముందు ఆ దీవి అడవిని నమ్ముకుని బతికినవారు యానాదులు. దుంపలు, తేనె, మందు మొక్కలు, చేపల జాడ వారికి తెలిసినట్టు వేరెవరికీ తెలియదు. ప్రయోగ కేంద్రం కోసం వారిని అక్కడినుంచి తరలించారు. అంతరిక్ష విజయాలు చెప్పే పాఠంలో ఈ అధ్యాయం అరుదుగా వినిపిస్తుంది. ఉత్సవానికి తగిన విషయం ఇదే.

దళితుల చరిత్రనూ ఒకే మూసలో చెప్పలేం. 1994లో మాదిగ దండోరా ఉద్యమం లేవనెత్తిన ఎస్సీ వర్గీకరణ 2025లో ఆంధ్రప్రదేశ్‌లో అమలుకు వచ్చింది: రెల్లి ఉపకులాల వర్గానికి 1 శాతం, మాదిగ వర్గానికి 6.5, మాల వర్గానికి 7.5. కేంద్ర సంస్థల ప్రవేశాలకు ఇది వర్తించదు. అందువల్ల ఎస్వీయూలో మూడు వర్గాలుగా లెక్కకు వచ్చే విద్యార్థులు, ఏర్పేడు దగ్గరి ఐఐటీ, ఐసర్ ప్రాంగణాల్లో ఒకే జాబితాలో కలిసిపోతారు.