రెండు శాతం ఎవరికి బాకీ?

పోయిన నెల మా ఆఫీసులో ఓ మెయిల్ వచ్చింది. శనివారం పొద్దున్నే కంపెనీ టీషర్టులేసుకుని ఓ సర్కారు బడికి రంగులెయ్యాలి, ఆసక్తి ఉన్నవాళ్ళు పేర్లివ్వండి అని. నేనూ వెళ్ళాను. ఫొటోలు బాగానే వచ్చాయి :) తర్వాతి వారం భూపాలపల్లిలో మా మేనమామకి అవి చూపిస్తే ఒకటే అడిగాడు: "మంచిదే అల్లుడూ, గదంత మీ గచ్చిబౌలి సుట్టేనా? మన దిక్కు రారా?"

మాది జనగామ దగ్గర పల్లె. అమ్మమ్మగారిది మానుకోట (మహబూబాబాద్ అని మా ఇంట్లో ఎవరూ అనరు). మామ సింగరేణిలో రిటైరై భూపాలపల్లిలోనే ఉండిపోయాడు. 2016 అక్టోబరు 11 దాకా ఇవన్నీ వరంగల్ జిల్లాయే. ఆ రోజు నుంచి మూడు జిల్లాలు. మామ ప్రశ్నకి జవాబు దొరకక ఈ సీఎస్ఆర్ చట్టం ఎలా వచ్చిందో చదవడం మొదలుపెట్టాను.

కథ మన హైదరాబాదు దగ్గర మొదలవుతుందంటే నమ్ముతారా? 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు ఉత్తరం గుర్తుందా? అప్పటికి నేను స్కూల్లో ఉన్నాను గానీ, మా వీధిలో ఇంజనీరింగ్ చదివే అన్నల మొహాలు ఇంకా గుర్తున్నాయి. 2005లో 108 అంబులెన్సుల సంస్థ మొదలుపెట్టిందీ ఆయనే. ఆ బండ్ల వల్ల బతికినవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమందో. దొంగలెక్కల కేసులో 2015లో కోర్టు దోషిగా తేల్చిందీ ఆయన్నే. దానధర్మం వేరు, జవాబుదారీతనం వేరు అని ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

1956 నాటి కంపెనీల చట్టం మార్చాలన్న మాట అప్పటికే ఉంది. సత్యం దెబ్బతో తొందర పెరిగింది. 2009 ఆగస్టులో కొత్త బిల్లు పెట్టారు. అందులో సీఎస్ఆర్ ఊసే లేదు. అదే ఏడాది డిసెంబరులో కేంద్రం "ఇష్టముంటే చెయ్యండి" తరహా మార్గదర్శకాలు ఇచ్చి ఊరుకుంది. 2010లో పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం నివేదికతో 2 శాతం అన్న అంకె ముందుకొచ్చింది. పరిశ్రమ పెద్దలు "ఇది ఇంకో పన్ను" అని గొడవ చేశారు. చివరికి 2013 ఆగస్టులో చట్టమైంది, 2014 ఏప్రిల్ 1 నుంచి 135వ సెక్షన్ అమల్లోకొచ్చింది.

నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ, ఏ ఒక్కటి దాటినా గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. సొంత ఉద్యోగుల బాగు కోసమే చేసేది లెక్కలోకి రాదు. ఒక్కరోజు మారథాన్లూ రావు.

పెట్టకపోతే? మొదట్లో ఎందుకు పెట్టలేదో రిపోర్టులో రాస్తే చాలు. మన భాషలో చెప్పాలంటే ట్రై-క్యాచ్ పెట్టి ఎక్సెప్షన్ ని లాగ్ ఫైల్లో పడేయడం. 2019లో సవరణ తెచ్చి జైలు దాకా వెళ్ళారు, గోల జరిగితే 2020లో జైలు తీసేసి జరిమానా ఉంచారు. 2021 జనవరి 22 నుంచి ఖర్చు కాని డబ్బు కంపెనీ దగ్గర ఉంచుకోవడానికి లేదు. నడుస్తున్న ప్రాజెక్టుదైతే విడి ఖాతాలోకి, కాకపోతే ప్రభుత్వం చెప్పిన నిధికి పోవాల్సిందే.

సరే, మామ ప్రశ్న. చట్టంలో ఒక మాట ఉంది: కంపెనీ పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. మా కంపెనీకి స్థానికం అంటే గచ్చిబౌలి. జనగామ జిల్లాలో పెంబర్తి ఇత్తడి పని ఉంది, సంప్రదాయ హస్తకళలు ఏడో షెడ్యూల్లో ఉన్నాయి కూడా. మానుకోట చుట్టూ తండాల్లో బడులున్నాయి. పెద్ద కంపెనీ లేని చోట ఆ మాట ఎవరికి తగులుతుంది? స్థానిక ప్రాధాన్యం సూచన మాత్రమే, తప్పనిసరి కాదని 2021లో మంత్రిత్వ శాఖే చెప్పింది. అంటే దూరం వెళ్ళడానికి అడ్డమేమీ లేదు, వెళ్ళమని అడిగేవాళ్ళే లేరు.

భూపాలపల్లిలో సింగరేణి ఉంది కదా అంటారా? అక్కడే అసలు చిక్కు. 1990ల్లో సింగరేణి నష్టాల్లో మునిగి బీఐఎఫ్ఆర్ దాకా వెళ్ళింది. ఆ రోజుల్లో ఈ చట్టం ఉన్నా, లాభంలో 2 శాతం అంటే సున్నాయే. బొగ్గు మాత్రం అప్పుడూ తవ్వారు, దుమ్ము అప్పుడూ లేచింది. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. దానికి లాభనష్టాలతో పని లేదు. వేలంలో రాని పాత లీజులైతే రాయల్టీ మీద 30 శాతం ఆ జిల్లాకే. తవ్వితే కట్టాలి, అంతే.

రెండు చట్టాలకీ తేడా నాకు ఇక్కడే కనిపించింది. ఒకటి "మిగిలితే ఇవ్వు" అంటుంది. ఇంకోటి "తీసుకున్నావు కాబట్టి ఇవ్వు" అంటుంది. మొదటిది దానం, రెండోది బాకీ. ఆ నిధి ఎలా ఖర్చవుతోందో వేరే గొడవ, అది కూడా అడగాల్సిందే. కానీ అడిగే హక్కు బాకీకి ఉంటుంది, దానానికి ఉండదు.

మరి మన సాఫ్ట్ వేర్ వాళ్ళం ఏం తవ్వుకున్నాం? మా బ్యాచ్ లో సగం మంది ఈ మూడు జిల్లాల సర్కారు బడుల్లోంచి వచ్చినవాళ్ళమే. మమ్మల్ని చదివించిన ఖర్చు ఆ ఊళ్ళది, లాభం గచ్చిబౌలిది. మరి ఇదీ బాకీయే కదా?

వచ్చే ఏడాది మెయిల్ వచ్చినప్పుడు నేను పేరివ్వడంతో ఆగను. జనగామ గంటన్నర దూరమే, అక్కడి బడి ఎందుకు కాకూడదని రిప్లై ఆల్ కొడతాను. మీ ఆఫీసులో మీరూ అడిగి చూడండి.