తోలుబొమ్మల తెర మీద శిక్ష తప్పిన దుష్టులు

బొమ్మల కథల్లో తప్పు చేసి, దండన లేకుండా బయటపడే పాత్రలకు రాయలసీమలో టెలివిజన్ కంటే చాలా పాత చరిత్ర ఉంది. కర్నూలు, కడప, అనంతపురం పల్లెల్లో తెల్లవార్లూ ఆడిన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు, అల్లాటప్పగాడు ఈ కోవకు చెందినవాళ్లు. అబద్ధాలు, దొంగ సరసాలు, తిట్లు, తన్నులాటలు వాళ్ల వృత్తి. అదే తెర మీద రావణుడు పది తలలతో నేలకూలుతాడు, కీచకుడు మాంసపు ముద్దవుతాడు. వీళ్లు మాత్రం మరుసటి ఊళ్లో మళ్లీ ప్రత్యక్షమవుతారు.

తెలుగునాట తోలుబొమ్మలాట ప్రస్తావన పదమూడో శతాబ్ది నాటి పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోనే ఉంది. ఆటగాళ్లకు ప్రధానమైన ఆధారం రంగనాథ రామాయణం. ద్విపద కావడంతో పాటకు లొంగుతుంది, నోటికి వస్తుంది. విజయనగర రాజుల కాలంలో ఈ కళకు మంచి ఆదరణ దొరికింది. లేపాక్షి గుడి పైకప్పు చిత్రాల్లోని ముఖాలనూ తోలుబొమ్మల ముఖాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక తెలిసిపోతుంది. సీమలో ఈ ఆట ఆడేవారిలో ఎక్కువమంది ఆరె మరాఠీలు. ఇంట్లో మరాఠీ యాస, తెర వెనక తెలుగు పద్యం.

తోలులోనూ అంతస్తులున్నాయి. దేవతలకూ, కథానాయకులకూ ఒకప్పుడు జింక తోలు వాడేవారు. మిగతా జనానికి మేక తోలు. దాన్ని పలచగా, వెలుతురు దూరేంత వరకూ శుభ్రం చేసి, బొమ్మ గీసి, ఉలితో చిల్లులు పొడిచి, రంగులద్దుతారు. మనిషంత ఎత్తు బొమ్మలు కూడా ఉంటాయి. తెల్లటి తెర వెనక ఆముదం దీపాలు వెలిగేవి, తర్వాత కరెంటు బల్బులు వచ్చాయి. తెలుగు బొమ్మకు నీడలో కూడా రంగు కనబడుతుంది.

ఈ నేల మీద దుష్టశిక్షణకు కొదవేం లేదు. నల్లమలలోని అహోబిలం మొత్తం ఒక శిక్ష జరిగిన చోటుగానే పూజలందుకుంటోంది. నరసింహుడు చీల్చుకుని వచ్చిన స్తంభం ఇదేనని ఉగ్రస్తంభం అనే కొండ కొమ్మును చూపిస్తారు. 2022 దాకా అది కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. కర్నూలు జిల్లా పడమటి కొసన, హొళగుంద మండలం దేవరగట్టులో, విజయదశమి రాత్రి కర్రల సమరం జరిగేది కూడా మాళ మల్లేశ్వరుడు మణి, మల్లాసురులనే రాక్షసులను చంపినందుకే. అయితే ఆ రాక్షసులు చస్తూ చస్తూ ఒక బేరం కుదుర్చుకున్నారని స్థలకథ. ఏటా తమకు ఇంత నరరక్తం కావాలన్నారట. ఆ మాట ప్రకారం ఇప్పటికీ ఆ రాత్రి పూజారి తన తొడ నుంచి కాస్త రక్తం తీసి అర్పిస్తాడు. చచ్చినా బాకీ వసూలు చేసుకుంటున్న విలన్లు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉన్నారేమో తెలియదు.

పురాణం కూడా అందరినీ చంపలేదు. రామాయణంలో ఇంత రాద్ధాంతానికీ మూలమైన మంథరను శత్రుఘ్నుడు జుట్టు పట్టి ఈడిస్తే, ఆడదాన్ని చంపితే రాముడు మన మొహం చూడడంటూ భరతుడు విడిపించాడు. భాగవతంలో నిద్రపోతున్న ఉపపాండవులను చంపిన అశ్వత్థామను ద్రౌపదే వదిలెయ్యమంది. ప్రాణం మిగిలింది, తలలోని మణి పోయింది. అదే భాగవతంలో పరీక్షిత్తు ఆవును తన్నుతున్న కలిపురుషుడి మీద కత్తి దూసి, కాళ్ల మీద పడగానే కరిగి, జూదం, మద్యం, బంగారం వంటి చోట్ల ఉండమని ఇళ్లు కూడా చూపించాడు. పోతనకు కడప జిల్లా ఒంటిమిట్టతో చుట్టరికం కలుపుకునే ఈ ప్రాంతంలో ఈ కథలు పుస్తకం తెరవనివాళ్లకు కూడా తెలుసు. కానీ ఇవన్నీ క్షమించి వదిలిన కేసులు. బంగారక్క ముఠాను ఎవరూ క్షమించలేదు, అసలు ఎవరూ విచారించనే లేదు.

అందుకు కారణం వాళ్ల పుట్టుకలో ఉంది. బంగారక్క వాల్మీకిలో లేదు, రంగనాథంలో లేదు, భారతంలో లేదు. యుద్ధకాండ మధ్యలో, వానర సైన్యం సేద తీరుతుండగా, తెర ఒక మూల నుంచి దూసుకొస్తుంది. నున్నటి గుండు మీద ఒకే ఒక్క జుట్టు నిక్కబొడుచుకున్న పోలిగాడు మొగుడు. కేతిగాడు వాళ్లిద్దరి మధ్య దూరే మూడోవాడు. రాముడు పద్యం పాడతాడు. వీళ్లు ఆ ఊరి యాసలో, ఆ ఊరి సంగతులే మాట్లాడతారు. కరణం లెక్క, షావుకారు వడ్డీ, పక్కవీధి గుట్టు అన్నీ వీళ్ల నోట్లో నానుతాయి. బూతు ధారాళం. చిన్నపిల్లలు నిద్రపోయే వేళకే ముదురు హాస్యం మొదలవుతుందని పెద్దలు సర్దిచెప్పుకునేవారు గానీ, ఆ వేళకు నిద్ర నటించిన పిల్లలకే ఆ మాటలన్నీ కంఠతా వచ్చుండాలి.

రావణుడి చావు గ్రంథంలో రాసి ఉంది, దాన్ని ఆటగాడు మార్చలేడు. పోలిగాడి చావు ఎక్కడా రాసి లేదు, కాబట్టి ఆటగాడికి వాణ్ణి చంపే అవసరమే రాదు. పైగా వాడు లేకపోతే జనాన్ని తెల్లవారే దాకా కూర్చోబెట్టేదెవరు? తన్నులు మాత్రం తింటాడు. పెళ్లాం చేతిలో, కేతిగాడి చేతిలో, అప్పుడప్పుడూ ఆంజనేయుడి తోకతోనూ. తెర వెనక కాలికింద చెక్కపలక టకటకమంటే ఆ దెబ్బకు శబ్దం వస్తుంది, నొప్పి రాదు. కన్నడ సీమలోనూ ఇదే తీరు. అక్కడి హాస్యగాడు కిళ్లేక్యాత పేరే బొమ్మలాడించే కులానికి పేరైంది.

దూరాన ఇంగ్లండులోనూ ఒక దాయాది ఉన్నాడు. 1662లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో శామ్యూల్ పెపీస్ చూసి డైరీలో రాసుకున్న ఇటలీ బొమ్మలాటలోని పాత్ర, తర్వాత మిస్టర్ పంచ్‌గా స్థిరపడింది. పంచ్ పెళ్లాన్ని కొడతాడు, బిడ్డను విసిరేస్తాడు, చివరికి ఉరితీయడానికి వచ్చిన తలారినే ఉరితాడులో ఇరికిస్తాడు. అతనితో పోలిస్తే మన పోలిగాడు సాధువు.

శిక్ష ఖాయంగా పడాల్సిన సందర్భమూ సీమకు ఒకటుంది: కీచకుడు చచ్చే విరాటపర్వం. వానలు లేకపోతే ఊళ్లో విరాటపర్వం చదివించడమో, ఆడించడమో పాత ఆచారం. వానకు మొహం వాచిన కడప, కర్నూలు జిల్లాల్లో దానికి గిరాకీ ఎక్కువ. 1876-78 నాటి మహాకరువు బళ్లారితోపాటు ఈ రెండు జిల్లాలనూ తుడిచిపెట్టింది. ఆ కరువు పోయిన కొన్నేళ్లకు, 1885లో, కడప జిల్లా చక్రాయపేట దగ్గరి సురభి గ్రామంలో ఒక పెళ్లి సందర్భంగా తోలుబొమ్మలాట కుటుంబాలవాళ్లు బొమ్మలు పక్కనపెట్టి, తామే వేషాలు కట్టి నాటకం ఆడారు. ఆ నాటకం కీచకవధ. అక్కడి నుంచే వనారస గోవిందరావు పేరుతో ముడిపడ్డ సురభి నాటక సమాజం మొదలైంది. తెర మీది నీడ రంగస్థలం మీద మనిషి అయినప్పుడు తొలి వేషం శిక్ష పడిన విలన్‌దే కావడం గమనించదగ్గది. పోలిగాడి ముఠా ఆ గడప దాటి వచ్చినట్టు కనబడదు. ఆ పని నాటకంలో వేరే హాస్యగాళ్లు చేశారు.

సురభివారికి పేరు తెచ్చిన మరో నాటకం మాయాబజార్. ఆ కథనే 1957లో తాడిపత్రి మనిషి కె.వి. రెడ్డి సినిమాగా తీశాడు. ఆ సినిమా నిర్మించిన విజయా సంస్థ యజమానుల్లో ఒకరైన బి. నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. ఈ సినిమాలో శకుని పన్నిన కుట్రకు ఫలితం నవ్వులపాలు కావడం, ఘటోత్కచుడి పరివారం చేతిలో నాలుగు తగిలించుకుని హస్తినకు చేరడం, అంతే. అంతకు మించి చేయడానికి వీల్లేదు. వ్యాసుడు చెప్పని శశిరేఖ పెళ్లికథ కోసం కురుక్షేత్రంలో చావాల్సినవాళ్లను ముందే చంపేస్తే భారతం నడవదు. వాళ్ల చావు మరో పర్వంలో జమ అయి ఉంది.

అదే నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1947 జూలైలో మొదలుపెట్టిన పిల్లల మాసపత్రిక చందమామలో ఇంకో తమాషా జరిగింది. బేతాళ కథల్లో అసలు దుష్టుడు బేతాళుడు కాడు, విక్రమార్కుణ్ణి శ్మశానానికి పంపి బలి ఇవ్వాలనుకున్న కపట యోగి. పాత కథాచక్రం చివర వాడి తల తెగుతుంది. చందమామ పాత ఇరవై ఐదు కథలు అయిపోయాక కూడా అదే చట్రంలో కొత్త కథలు అల్లుతూ పోయింది. శంకర్ గీసిన ఆ భుజం మీది శవం, చేతిలోని కత్తి నెలనెలా వస్తూనే ఉన్నాయి గానీ, యోగి మీద కత్తి పడే ఘడియ దశాబ్దాల తరబడి వాయిదా పడింది. పాఠకుల ఆదరణే ఆ యోగికి ఆయుష్షు పోసింది.

అమెరికాలో దీనికి పూర్తిగా విరుద్ధమైన దారి పట్టారు. 1954లో అక్కడి కామిక్స్ ప్రచురణకర్తలు తమకు తామే పెట్టుకున్న నియమావళి ప్రకారం ప్రతి కథలో మంచి గెలవాలి, నేరస్థుడికి శిక్ష పడాలి. సినిమాలకు 1934 నుంచీ అలాంటి కట్టుబాటే అమలైంది. పిల్లల మీద చెడు ప్రభావం పడుతుందన్న భయం దానికి మూలం. వారం వారం కొత్త భాగం కావాల్సిన టెలివిజన్ కార్టూన్ వచ్చాక మాత్రం మళ్లీ పోలిగాడి న్యాయమే నడిచింది. 1997లో జపాన్‌లో మొదలైన పోకెమాన్‌లో టీమ్ రాకెట్ దొంగలు ప్రతిసారీ ఆకాశంలోకి ఎగిరిపడతారు, మళ్లీ వచ్చే భాగంలో కొత్త పన్నాగంతో దిగుతారు. హైదరాబాద్‌కు చెందిన గ్రీన్ గోల్డ్ సంస్థ కోసం రాజీవ్ చిలక సృష్టించిన ఛోటా భీమ్ 2008లో పోగో చానెల్‌లో మొదలైంది. అందులోని కాలియా, వాడి తోకలు ఢోలు, భోలు చేసే దొంగపనులకు పడేది ఒకటి రెండు దెబ్బలు, కాస్త అవమానం. ఢోలక్‌పూర్ నుంచి కాలియాను వెళ్లగొట్టాలని ఎవరికీ తోచదు. వాడు పోతే భీముడికి లడ్డూలు తినడం తప్ప పనేముంటుంది?

సీమ తోలుబొమ్మలు ఇప్పుడు ఎక్కువగా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట పేరుతో వినబడుతున్నాయి. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. బతుకుతెరువు మాత్రం దీపపు గుమ్మటాలూ, గోడకు తగిలించే పటాలూ అమ్మడం మీదే ఎక్కువగా నడుస్తోంది. కుటుంబ నియంత్రణ, ఎయిడ్స్ ప్రచారాలకు ప్రభుత్వాలు ఈ ఆటను వాడుకున్నాయి. తెల్లవార్లూ సాగే ఆట ఉత్సవ వేదికల మీద గంట, గంటన్నరకు కుదించుకుపోయింది. అంత కొద్ది సమయంలో లంకాదహనమూ రావణవధా ఎలాగోలా పట్టించవచ్చు. బంగారక్కకు దక్కేది అయిదు నిమిషాలు, అదీ బూతు తీసేశాక.