కరెంటు పారే వజ్రం

మైలాపూరు కపాలీశ్వరుడి గుడి చుట్టూ ఉన్న మాడవీధుల్లో నగల దుకాణాలకు కొదవ లేదు. అమ్మమ్మల నాటి ఏడురాళ్ల కమ్మలు మార్చుకుందామని ఏ నగల కొట్టుకైనా వెళ్తే, రాయికి ఓ చిన్న పరికరం మొన ఆనించి చూస్తారు. అది కొలిచేది వేడిని. వజ్రం వేడిని రాగికంటే వేగంగా లాగేస్తుంది, గాజు లాగలేదు. మాయిసనైట్ అనే రాయి మాత్రం ఈ పరీక్షలో వజ్రంతో పాటు గట్టెక్కేస్తుంది. అందుకే రెండో పరీక్ష, కరెంటుతో. మాయిసనైట్‌లో కరెంటు పారుతుంది, వజ్రంలో పారదు.

ఈ తీర్పు అన్నివేళలా నిలవదు. నీలి వజ్రంలో కరెంటు పారుతుంది. అధిక పీడనంలో తయారైన ల్యాబ్ వజ్రాల్లో బోరాన్ జాడ మిగిలితే, చూపుకు తెల్లగా ఉన్నవాటిలోనూ కాస్త పారుతుంది. అలాంటి రాయిని యంత్రం మాయిసనైట్ అని తోసిపుచ్చడం కద్దు. వర్తకుడికి తలనొప్పి తెచ్చే ఈ గుణాన్నే నమ్ముకుని ఇప్పుడు రక్తంలో, మూత్రంలో ఏమున్నదో పసిగట్టే సెన్సర్లు తయారవుతున్నాయి. ఆ గుణం పుట్టిల్లు వెతికితే దారి కృష్ణ ఒడ్డుకు పోతుంది.

1662లో గోల్కొండ సైన్యం పోర్చుగీసువాళ్ల నుంచి మైలాపూరు శాంథోమ్‌ను గెలుచుకుంది. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే గోల్కొండ రాజ్యంలో వజ్రాలు కొంటూ తిరిగాడు. 1668లో ఆయన పద్నాలుగో లూయీకి అమ్మిన రాళ్లలో ఒక పెద్ద నీలి వజ్రం ఉంది. అది నేటి పల్నాడులోని కొల్లూరు గనిదేనని ఎక్కువమంది నమ్మకం. రాజు దాన్ని తిరగ సాన పట్టించాడు, 1792లో ఫ్రెంచి విప్లవపు గందరగోళంలో దొంగలు ఎత్తుకుపోయారు, మళ్లీ ఇంకా చిన్నదై హోప్ వజ్రంగా తేలింది. 45.52 క్యారెట్ల ఆ రాయి 1958 నుంచి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. మద్రాసు చరిత్రకారులు గవర్నర్ పిట్ కొన్న వజ్రం గురించే ఎక్కువ చెబుతారు. కానీ ఆ తెల్లరాయిలో కరెంటు పారదు. నా లెక్కలో అసలు కథ నీలిరాయిది.

వజ్రాల్లో కరెంటు పారే జాతి ఒకటి ఉందని శాస్త్రవేత్త కస్టర్స్ గుర్తించింది 1952లో. అందుకు కారణం అల్యూమినియం అనుకున్నారు కొన్నాళ్లు. బోరాన్ అని 1971 నాటికి తేలింది. కార్బన్ పరమాణువుకు పొరుగువాళ్లతో పంచుకోవడానికి నాలుగు ఎలక్ట్రాన్లు ఉంటాయి, బోరాన్‌కు మూడే. ఆ ఒక్క లోటు స్ఫటికంలో చోటు మారుతూ పోతుంది, అదే కరెంటు. హోప్ వజ్రంలో బోరాన్ పది లక్షల పరమాణువులకు ఏ కొద్దిపాటిగానో ఉంటుంది. సెన్సర్‌లో కరెంటును అందుకునే ఎలక్ట్రోడ్‌కు అది చాలదు, వెయ్యి కార్బన్లకు ఒక బోరాన్ దాకా కావాలి.

అంత బోరాన్ పట్టించాలంటే గనిని నమ్ముకోలేం, వజ్రాన్ని పెంచాలి. 1980ల తొలి ఏళ్లలో జపాన్ శాస్త్రవేత్తలు దీనికి తేలికైన దారి చూపించారు. హైడ్రోజన్‌లో ఒక శాతం వరకు మీథేన్ కలిపి, రెండువేల డిగ్రీలు దాటిన టంగ్‌స్టన్ తీగ పక్కన పారిస్తే, కింద ఉన్న సిలికాన్ బిళ్ల మీద వజ్రపు పొర పేరుకుంటుంది. బోరాన్ ఉన్న వాయువు చిటికెడు కలిపితే ఆ పొర నల్లబడి కరెంటును పారిస్తుంది. పేరుకున్నది వజ్రమో మసో తేల్చేది రామన్ వర్ణపటం: 1332 సెం.మీ⁻¹ దగ్గర సన్నటి గీత పడితే వజ్రం. ఆ గీతను 1930లోనే పరిశీలించినవాళ్లలో అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం ఒకరు.

ఈ నల్ల పొర మంచి ఎలక్ట్రోడ్ అని గట్టిగా నిలబెట్టిన తొలి పరిశోధనల్లో గ్రెగ్ స్వెయిన్, రాజేశుని రమేశం 1993లో అచ్చువేసిన వ్యాసం ఒకటి. తర్వాత టోక్యోలో ఫుజిషిమా బృందం దీన్ని పెద్ద విద్యగా పెంచింది. అక్కడ పనిచేసిన తాతా నరసింగరావు 1999లో ఎన్ఎడిహెచ్ అనే అణువును ఈ వజ్రం మీద కొలిచి చూపారు. చక్కెర, లాక్టేట్, ఆల్కహాల్‌లను పట్టుకునే ఎంజైములు చాలావాటి పని చివరికి ఎన్ఎడిహెచ్‌గా తేలుతుంది. దాన్ని కొలవగలిగితే వాటన్నిటినీ కొలిచినట్టే. ఆయన తర్వాత హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థకు వచ్చారు.

మామూలు కార్బన్‌తో చిక్కేమిటంటే, ఎన్ఎడిహెచ్, డోపమైన్ లాంటివి దాని మీద అడుగంటిన అన్నంలా అంటుకుపోతాయి, కొలత జారుతూ పోతుంది. వజ్రానికి అంటుకునేది తక్కువ. పైగా నీళ్లలో వోల్టేజీని దాదాపు మూడు వోల్టుల మేర అటూ ఇటూ తిప్పినా నీరు విడిపోదు. వెనక నుంచి వచ్చే అనవసరపు కరెంటు గ్లాసీ కార్బన్‌తో పోలిస్తే పదో వంతు. అంత నిశ్శబ్దంలో చిన్న సంకేతమూ వినబడుతుంది. 2002లో విస్కాన్సిన్‌లో హేమర్స్ బృందం డిఎన్ఏ పోగులను వజ్రానికి అతికించింది. బంగారం, గాజు, సిలికాన్‌ల మీదకంటే అవి ఎక్కువ కాలం నిలిచాయి.

మరి చవక సంగతో? ఒకసారి వాడి పారేసే కార్బన్ పట్టీతో ధరలో వజ్రపు బిళ్ల పోటీపడలేదు. రెండు దారులున్నాయి. ఒకటి, ఎక్కువ వోల్టేజీ పెట్టి ఉపరితలాన్ని కడిగి ఒకే బిళ్లను మళ్లీ మళ్లీ వాడడం. రెండోది, వజ్రపు పొడి మీద బోరాన్ పొర ఎక్కించి, దాన్ని సిరాగా కలిపి ప్లాస్టిక్ మీద అచ్చు వేయడం. ఇది జపాన్‌లో చేసి చూపించారు. పల్లె ఆరోగ్యకేంద్రానికి పనికొచ్చేది ఈ రెండోదేనని నాకనిపిస్తుంది, కడగడం ఎవరికి గుర్తుంటుంది?

మైలాపూరు దాటి అడయారు నది అవతలికి వెళ్తే ఐఐటీ మద్రాసు. అక్కడ ఆచార్య ఎం.ఎస్. రామచంద్రరావు బృందం బోరాన్ వజ్రపు పొరలు పెంచుతోంది. 2023 బడ్జెట్‌లో ప్రకటించిన ల్యాబ్ వజ్రాల పరిశోధన కూడా ఈ ఐఐటీకే దక్కింది, ఐదేళ్లకు దాదాపు 243 కోట్లు. ఆ ప్రకటనలో విత్తన వజ్రాలు, యంత్రాల దిగుమతి తగ్గించడం గురించి ఉంది, సెన్సర్ల ఊసు లేదు. అయినా పొరను పెంచే యంత్రం ఇక్కడే తయారైతే, అందులో మీథేన్ పక్కన బోరాన్ గొట్టం ఒకటి బిగించడం పెద్ద ఖర్చు కాదు.