గుత్తా, కోరూ, ఒక ఫుట్‌బాల్ టీమూ

పత్తికొండ చుట్టుపక్కల మెట్టపొలం కౌలుకివ్వడానికి రెండు పద్ధతులు. గుత్తకిస్తే, వాన పడినా పడకున్నా అనుకున్న మొత్తం కట్టాల్సిందే. కోరుకిస్తే పండినదాంట్లో వాటా. పండకపోతే ఇద్దరికీ ఏమీ లేదు. బుడ్డలు ఎండిపోయిన ఏడాది మా జేజినాయన అరుగు మీద జరిగిన పంచాయితీలన్నీ ఈ రెండు మాటల చుట్టూనే. ఫుట్‌బాల్ ఓనర్ల తగాదాలు చదివినప్పుడల్లా నాకు ఆ అరుగే గుర్తొస్తుంది.

అమెరికాలో 1961లో ఎన్‌ఎఫ్‌ఎల్ కమిషనర్ పీట్ రోజెల్, టీవీ డబ్బుని టీములన్నీ సమానంగా పంచుకునేలా ఓనర్లని ఒప్పించాడు. విడిగా అమ్ముకుంటే చాలా ఎక్కువ వచ్చే న్యూయార్క్ జెయింట్స్ యజమానులు మారా కుటుంబం కూడా సరేనన్నారు. గ్రీన్ బే లాంటి చిన్న ఊరికి ఇవాళ్టికీ టీము ఉందంటే అదో ముఖ్య కారణం. 1995లో డాలస్ ఓనర్ జెర్రీ జోన్స్ అడ్డం తిరిగాడు. లీగ్‌కి కోకా-కోలాతో ఒప్పందం ఉంటే, ఈయన తన స్టేడియానికి పెప్సీని తెచ్చుకున్నాడు. లీగ్ 30 కోట్ల డాలర్లకి దావా వేస్తే, ఈయన 75 కోట్లకి ఎదురు దావా వేశాడు. మరుసటి ఏడాది రాజీ పడ్డారు. ఎంతైనా అది పంట విరగకాసిన చోట గొడవ.

మనది మెట్ట. 2010లో ఏఐఎఫ్‌ఎఫ్ మన ఫుట్‌బాల్ వాణిజ్య హక్కుల్ని 15 ఏళ్లకి గుత్తకిచ్చేసింది. గుత్తదారు మొదట ఐఎంజీ-రిలయన్స్, ఆ తర్వాత రిలయన్స్ వాళ్ల ఎఫ్‌ఎస్‌డీఎల్. చివర్లో ఏటా 50 కోట్లు కట్టేది. 2014లో మొదలైన ఐఎస్‌ఎల్‌లో క్లబ్బులది మారుగుత్త: ఫీజు కట్టాలి, ఉమ్మడి ఆదాయంలో వచ్చిన వాటా తీసుకోవాలి. ఆ వాటా ఖర్చులకి ఏనాడూ సరిపోలేదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో 3-1తో ఓడించి ఛాంపియనైంది. కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కోవిడ్ వల్ల ఆ సీజనంతా గోవాలోనే జరిగింది కాబట్టి, ఛాంపియన్ టీముకి సొంతూళ్లో ఒక్క టికెట్టూ తెగలేదు. రెండేళ్లు తిరిగేసరికి జీతాలందక ఆటగాళ్లు వెళ్లిపోయారు, 2023-24లో ఒక్క గెలుపుతో అట్టడుగున మిగిలింది. ఆ సీజన్లో గచ్చిబౌలి స్టేడియంలో నా వరసలో కూర్చున్నది నేనొక్కణ్ణే.

2025 జులైలో, ఒప్పందం పొడిగింపు తేలక, ఎఫ్‌ఎస్‌డీఎల్ లీగ్‌ని ఆపేసింది. అప్పుడు బయటికొచ్చిన ప్రతిపాదన అచ్చంగా కోరు: కొత్త కంపెనీలో క్లబ్బులకి 60 శాతం, ఎఫ్‌ఎస్‌డీఎల్‌కి 26, ఏఐఎఫ్‌ఎఫ్‌కి 14.

వినడానికి న్యాయంగానే ఉంది. కానీ గుత్తకి లేని చిక్కొకటి కోరుకుంది: కళ్లం దగ్గర కొలత. గుత్త తీసుకునేవాడికి ఎంత పండిందో అనవసరం. కోరు తీసుకునేవాడు కళ్లంలో కూర్చుని కొలిపించుకోవాలి. అప్పటిదాకా ఇక్కడ లీగ్ నడిపింది రిలయన్స్ సంస్థ, 2023లో ప్రసార హక్కులు కొన్నదీ రిలయన్స్ సంస్థే. అమ్మేదీ కొనేదీ ఒకే ఇంటివాళ్లయితే ఆ హక్కుల అసలు ధర ఎంతో ఎవరు తేల్చాలి? శాతాల మీద నడిచినంత చర్చ దీని మీద నడవలేదు. 60 శాతమనేది నష్టంలో కూడా 60 శాతమేనన్న మాట సరేసరి.

ఈ లెక్కలు తెగకముందే, 2024లో చేతులు మారిన మన టీముని కొత్త యజమానులు ఢిల్లీకి తీసుకెళ్లిపోయారు. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. పసుపు జెర్సీ నా బీరువాలోనే ఉంది.